మూత కింది ముహూర్తం

నేను ఒక పొరను. ఉల్లిపొర అనుకునేరు, అంత లావు కాను. బొటనవేలి గోరంత గాజుబిళ్ళ మీద పరుచుకుని ఉంటాను. మీ తలవెంట్రుకను నిలువునా వంద పోగులుగా చీల్చగలిగితే, అందులో ఒక పోగు పక్కన నన్ను నిలబెట్టొచ్చు. సన్నబడాలని పొద్దున్నే బీచిరోడ్డు మీద ఆయాసపడేవాళ్ళను కిటికీలోంచి చూసి నవ్వుకునే హక్కు అందువల్ల నాకుంది. నా రంగు ముదురు ఊదా. దాలినాయుడు అనే మనిషి నన్ను మొదటిసారి చూసి "వంకాయ రంగు" అన్నాడు. అతన్ని ఇంతవరకూ క్షమించలేదు.

జాతికి నేను ప్లాస్టిక్‌ని. ఆ మాట వినగానే మీరు ముఖం చిట్లిస్తారని తెలుసు. మా చుట్టాల్లో బకెట్లున్నాయి, మగ్గులున్నాయి, పళ్ళూడిన దువ్వెనలున్నాయి. వాళ్ళెవరిలోంచీ కరెంటు పోదు. పోదు కాబట్టే మీరు స్విచ్చులు వాళ్ళతో చేయించుకుని ధైర్యంగా నొక్కుతున్నారు. ఆ వంశంలో పుట్టి కూడా నాకో విద్య అబ్బింది. నాలోంచి కరెంటు పోతుంది. పోతుంది అంటే, నేను సరిగ్గా కూర్చుంటే పోతుంది. ఆ కూర్చోవడం గురించే ఇంత రామాయణం జరిగింది.

నేను పుట్టింది సముద్రం కనిపించే కొండమీది విశ్వవిద్యాలయంలో, రసాయనశాస్త్ర విభాగం మేడమీది గదిలో, గుండ్రటి గాజు బుడ్డిలో. నన్ను ఉడికించినవాడు ఆ దాలినాయుడే. ఆ గదిలో అందరికన్నా పాత పరిశోధక విద్యార్థి. ఎంత పాతంటే, కొత్తగా చేరిన పిల్లలు అతన్ని లెక్చరరనుకుని లేచి నిలబడతారు, అతనూ కూర్చోమని చెయ్యూపుతాడు.

నన్ను దగ్గరగా చూస్తే లెక్కలేనన్ని దారాలు కనిపిస్తాయి. ఒక్కో దారం చిన్న చిన్న ఉంగరాలు గుచ్చిన గొలుసు. ఉంగరానికో గంధకం పరమాణువు, ఉంగరానికో వేలాడే జడ. గొలుసు పొడవునా బంధాలు ఒకటి ఒంటి, ఒకటి జంట, మళ్ళీ ఒంటి, మళ్ళీ జంట. ఈ వరస తప్పదు కాబట్టి ఎలక్ట్రాన్లు ఏ ఒక్క ఉంగరానికీ కట్టుబడి ఉండవు, దారం పొడవునా షికార్లు కొడతాయి. చిక్కల్లా దారం అయిపోయాక వస్తుంది. పక్కదారం మీదికి దూకాలి. దూకాలంటే ఆ దారం దగ్గరగా ఉండాలి, ఉంగరం ముఖానికి ఉంగరం ముఖం ఆనించి, విస్తళ్ళు దొంతర పెట్టినట్టు చదునుగా పేరుకుని ఉండాలి. అలా పేరుకుంటే దూకుడే దూకుడు. లేదూ, సేమ్యా ఉప్మాలాగా ఎటుపడితే అటు చిక్కుపడి ఉన్నామా, ఎలక్ట్రాను దారం చివర దిక్కులు చూస్తూ నిలబడిపోతుంది. సరుకు అదే, దారాలు అవే. తేడా అంతా సర్దుకు కూర్చోవడంలోనే ఉంది.

పొరగా మారకముందు మేం ద్రావకంలో కరిగి ఒక గోధుమరంగు సీసాలో ఉండేవాళ్ళం. కరిగి ఉన్నప్పుడు మాది నారింజ రంగు. ఎవరి దారి వారిది, ఎవరికీ ఎవరూ ఏమీ కారు. ద్రావకం ఆరేకొద్దీ దారాలు దగ్గరై దొంతరలు కడితే ఊదారంగు వస్తుంది. సర్దుకోవడానికి తీరిక లేకపోతే ఎర్రగా, కోపంగా మిగిలిపోతాం.

మా గదికి యజమాని ప్రొఫెసర్ సన్యాసిరావు గారు. మంచి పండితుడు. ఎలక్ట్రాన్ల గురించి మాట్లాడుతుంటే గోడలు కూడా ఊకొట్టాలి. కానీ ఆయన గదిలో మూలకాల పట్టిక పక్కనే పంచాంగం క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది, రెంటిలోకీ ఎక్కువ నలిగింది రెండోదే. రాహుకాలంలో ఏ యంత్రమూ మొదలుపెట్టకూడదని ఆ గదిలో చట్టం. యంత్రం మొరాయిస్తే ముందు నిమ్మకాయ వస్తుంది, తరువాత ఇంజినీరు వస్తాడు.

ఇక నూకరత్నం. అనకాపల్లి అమ్మాయి. పొరలు వేయడం, వాటిలోంచి కరెంటు ఎంత పోతుందో కొలవడం ఆమె పరిశోధన. పాపం, ఆమె వేసిన పొరలన్నీ ఎర్రగానే తేలాయి. ఆ గదిలో పొర వేసే పద్ధతి ఏమిటంటే, గాజుబిళ్ళమీద చుక్క వేసి, స్పిన్ కోటర్ అనే యంత్రం మీద పెట్టి గిర్రున తిప్పడం. రెప్పపాటులో ద్రావకం ఎగిరిపోతుంది. మా దారాలు కుర్చీ వెతుక్కునేలోపే దీపాలు ఆర్పేసినట్టు, ఎక్కడివాళ్ళు అక్కడే బిగుసుకుపోతారు. మీటరు ముల్లు కదలదు. ఈసారి సమీక్షా కమిటీ వచ్చేసరికి కరెంటు పోయే పొర ఒక్కటైనా చూపించకపోతే నూకరత్నం ఫెలోషిప్పు ఆగిపోతుంది. ఆగిపోతే ఇంటికెళ్ళి నాన్న బెల్లం కొట్లో కూర్చోవాలి. బెల్లమంటే ఆమెకు చిన్నచూపేమీ లేదు, టీలో కూడా అదే వేసుకుంటుంది. కానీ ఆమె ప్రాణమంతా మా మీద ఉంది. ఎర్రటి పొర తేలినప్పుడల్లా ఆ పిల్ల మొహం చూడలేకపోయేవాళ్ళం.

ఒక బుధవారం ఆమె సీసాలోంచి ఓ చుక్క తీసి, మీటరు సూదులు ఆనించడానికి బంగారు గీతలు గీసిన గాజుబిళ్ళమీద వేసింది. ఆ చుక్కే నేను. యంత్రం మీట నొక్కడమే తరువాయి అనగా, సన్యాసిరావు గారు గుమ్మంలోంచి చెయ్యెత్తారు.

"ఆగమ్మా, ఆగు! రాహుకాలం వచ్చేసింది. మీట ముట్టుకోకు."

"చుక్క వేసేశాను సార్."

"వేస్తే వేశావు, తిప్పకు. రాహుకాలం వెళ్ళాక తిప్పుదువుగాని. వెళ్ళి అన్నం తినిరా."

"సరే సార్" అంది నూకరత్నం. ఆ గదిలో ఆమె ఎక్కువగా వాడిన మాట అదే.

పైన ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి సముద్రపుగాలి ఇసుకరేణువుల్ని మోసుకొస్తోంది. నా మీద కప్పడానికి గాజుమూత కోసం వెతికితే, మూతలన్నీ సింకులో మురికిగా పడున్నాయి. ఆ వారం కడగాల్సిన వంతు దాలినాయుడిది. నూకరత్నం విసుక్కుని, తన భోజనం క్యారేజీ విప్పి, లోతుగా ఉన్న పై మూత తీసి నామీద బోర్లించి వెళ్ళిపోయింది.

మూత కింద చీకటి. మజ్జిగన్నం వాసన. ద్రావకం ఆవిరి బయటికి పోదామంటే సందు లేదు, తిరిగి నామీదే వచ్చి కూర్చుంటోంది. దాంతో నేను ఆరడం నెమ్మదించింది. మా దారాలకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తీరిక దొరికింది. "కొంచెం జరగండి", "మీ జడ పక్కకు తీసుకోండి, నా ఉంగరానికి తగులుతోంది", "ఇక్కడ ఒకరికి చోటుంది, వచ్చేయండి" అనుకుంటూ ఒకరి వెనక ఒకరు చేరారు. కాసేపు తోపులాట జరిగింది, ఒకరిద్దరు అలిగారు కూడా. చివరికి ముఖానికి ముఖం ఆని, దొంతరలు దొంతరలుగా కుదురుకున్నాం. అంత సుఖం నేనెరగను.

నూకరత్నం వచ్చి మూత తీసేసరికి నేను ఆరిపోయి ఊదారంగులో మెరుస్తున్నాను. ఇక తిప్పి లాభం లేదు. పారేసేముందు ఎందుకైనా మంచిదని సూదులు ఆనించి మీటరు చూసింది. ముల్లు ఎగిరి ఆ చివరికి కొట్టుకుంది.

"మీటరు పాడైపోనాదేటి?" అన్నాడు దాలినాయుడు. మీటరు మార్చారు, తీగలు మార్చారు. ముల్లు మళ్ళీ అక్కడికే పోయింది. నూకరత్నం కుర్చీలో కూలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. సన్యాసిరావు గారు వచ్చారు, చూశారు, నెమ్మదిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నేను చెప్పలేదూ?" అన్నారు. "రాహుకాలం దాటిన తొలి ఘడియ. దాని బలం అది."

నాకు నోరుంటే అప్పుడే అరిచేవాణ్ణి. లేదు కదా.

అది మొదలు ఆ గదిలో విజ్ఞానం మూడు పువ్వులూ ఆరు కాయలుగా సాగింది. రాహుకాలం దాటిన తొలి ఘడియ కోసం ముగ్గురూ గడియారం కేసి చూస్తూ నిలబడేవాళ్ళు. ఘడియ రాగానే సన్యాసిరావు గారు "కానియ్యి" అనేవారు, నూకరత్నం చుక్క వేసి గిర్రున తిప్పేది. పొర ఎర్రగా తేలేది. వారం కుదరలేదేమోనని వారం మార్చారు. తిథి మార్చారు. ఒకరోజు ఆయనకు మరింత లోతైన ఆలోచన వచ్చింది.

"నాయుడూ, ఈ పాలిమర్‌ని బుడ్డిలోంచి దించింది ఏ వేళప్పుడు?"

"ఎందుకండి?"

"దాని జన్మనక్షత్రం తెలియకుండా తారాబలం ఎలా చూస్తామయ్యా?"

దాలినాయుడు తలగోక్కుని, ఆరోజు కేంటీన్లో పెసరట్టు వేశారన్న గుర్తుతో తేదీ రాబట్టాడు. లెక్కకట్టి నాది రోహిణి అని తేల్చారు. రోహిణికి సరిపడే ముహూర్తాల్లో ఇంకొన్ని పొరలు తిప్పారు. మా వాళ్ళందరూ శుభఘడియల్లో పుట్టి, శుభఘడియల్లోనే చిక్కుపడి చచ్చారు. సీసా అడుగంటింది. మళ్ళీ ఉడికించాలంటే సరుకు పైదేశం నుంచి రావాలి, అది వచ్చేసరికి కమిటీ వచ్చి వెళ్ళిపోతుంది. అంటే కమిటీకి చూపించడానికి మిగిలింది నేనొక్కణ్ణే. నాకు గర్వం తలకెక్కిందని వేరే చెప్పాలా? నన్ను దూదిలో పెట్టి, డబ్బాలో పెట్టి, బీరువాలో పెట్టారు. దాలినాయుడు మనసులో ఏముందో గాని డబ్బాకు బొట్టు కూడా పెట్టాడు.

నూకరత్నం మాత్రం తన క్యారేజీ మూతతో కుస్తీ పడుతోంది. ఎన్నిసార్లు తోమినా దానికి ల్యాబు వాసన వదల్లేదు. పులిహోర తెచ్చుకుంటే పులిహోర నిండా మందు వాసన. తినలేక పారబోసి, ఒకనాడు మూతను ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏటే, మూతని అలగ సూత్తన్నావు?" అన్నాడు దాలినాయుడు.

"ఇంత వాసన పట్టిందంటే, ఆ రోజు ఆవిరంతా దీని కిందే ఉండిపోయిందన్నమాట కదేటి. ద్రావకం ఎగిరిపోలేదు. నిదానంగా ఆరింది." ఆమె మూతను బల్లమీద ఠంగున పెట్టింది. "ముహూర్తం కాదు నాయుడన్నా. మూత!"

ఆ మాట విని నా దొంతరలన్నీ పులకరించాయి.

సన్యాసిరావు గారికి మాత్రం మూత నచ్చలేదు. "క్యారేజీ మూత అని పేపర్లో ఎలా రాస్తామమ్మా? నలుగురూ నవ్వరూ?" అన్నారు. ముహూర్తాన్ని ఆయన ఏ పేపర్లో రాద్దామనుకున్నారో నాకు తెలియదు. "ఉన్న మంచి పొర చూపిద్దాం. అడిగినదానికి జవాబు నేను చెప్తాను. నువ్వు మాట్లాడకు." నూకరత్నం తలూపింది గాని, మూతను మాత్రం సంచిలో పెట్టుకుంది.

కమిటీ అంటే నిజానికి వచ్చింది ఒక్కరే. వరంగల్ నుంచి డాక్టర్ వసుమతి. సన్నటి అంచు నేతచీర, చేతిలో చిన్న పెట్టె, సాయంత్రం బండికి టికెట్టు. నన్ను బీరువాలోంచి మేళతాళాలు ఒక్కటే తక్కువగా బయటికి తెచ్చారు. సూదులు ఆనించారు. ముల్లు ఎగిరింది. ఆవిడ కనుబొమలు కూడా ఎగిరాయి.

"బాగుంది. ఇంకోటి చూపియ్యండి."

"ఒకటే ఉందండి" అన్నారు సన్యాసిరావు గారు.

"ఒక్కటే? దీన్ని ఎట్ల ఆరబెట్టిండ్రు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. ముహూర్తబలం మాట పెదాల దాకా వచ్చి, ఎదుట నిలబడ్డ మనిషిని చూసి వెనక్కి పోయింది. నూకరత్నం సంచిలోంచి మూత తీసి బల్లమీద పెట్టింది.

"దీని కింద మేడమ్. నా క్యారేజీ మూత."

డాక్టర్ వసుమతి మూతను అటూ ఇటూ తిప్పి చూసింది, వాసన చూసింది. "దీంట్ల అన్నం తెచ్చుకున్నవా? అన్నంల ఉప్పు ఉంటది గదా. ఉప్పు తడి అంటుకుంటే గూడ దాంట్లకెల్లి కరెంటు పోతది. మీ పాలిమర్ గొప్పదనం అని నేనెట్ల నమ్మాలె?"

"పేరుకోవడం వల్లే మేడమ్. దారాలు సర్దుకోవడానికి టైము దొరికింది."

"అయితే చూపియ్యి. దీని మీదనే ఇంకో చుక్క ద్రావకం వెయ్యి, కరిగించు. జల్దీగ ఆరబెట్టు. ఉప్పే అయితే అప్పుడు గూడ కరెంటు పోతనే ఉంటది. నువ్వు చెప్పిందే నిజమైతే ఆగిపోతది. ఆగినంక మళ్ల మూత పెట్టి రప్పియ్యి. వస్తే నీ ఫెలోషిప్పుకు నేను సంతకం పెడత."

"ఉన్నదొక్కటే పొరండీ!" సన్యాసిరావు గారు రెండు చేతులూ నాకు అడ్డం పెట్టారు. "కరిగిస్తే మళ్ళీ రాకపోతే?"

ఆ ప్రశ్న నాది కూడా. నాకు భయం వేసింది. గొప్పలకు పోయి దాచడం ఎందుకు, వణికిపోయాను. నా దొంతరల్లో ఏ దారం ముందు ఎవరో, వెనక ఎవరో నాకు తెలుసు. కరిగితే అందరం నారింజ నీళ్ళం. మళ్ళీ వచ్చేవాడు నేనేనని ఎవరు పూచీ?

నూకరత్నం నాకేసి చాలాసేపు చూసింది. ఆ చూపులో బెల్లం కొట్టూ ఉంది, నేనూ ఉన్నాను. పెదవి కొరుక్కుని చుక్క వేసింది.

ఎలా ఉందని అడిగితే చెప్పలేను. ముఖాలు విడిపోయాయి, జడలు చెదిరిపోయాయి, ఎవరూ ఎవరికీ ఏమీ కారు. ఊదా పోయి నారింజ అయ్యాను. వెంటనే దాలినాయుడు జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి వేడిగాలి కొట్టాడు. అందరం ఒకరినొకరు తొక్కుకుంటూ, ఎక్కడ పడితే అక్కడ గడ్డకట్టాం. ఎర్రగా, అసహ్యంగా తేలాను. సూదులు ఆనించారు. ముల్లు కదల్లేదు. సన్యాసిరావు గారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నారు.

"ఉప్పు కాదు" అంది డాక్టర్ వసుమతి శాంతంగా. "ఇప్పుడు రప్పియ్యి."

నూకరత్నం ఇంకో చుక్క వేసి, మూత బోర్లించి, దానిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. సన్యాసిరావు గారు గడియారం చూసి, "అయ్యో, వర్జ్యం!" అని గొణిగారు. ఎవరూ పట్టించుకోలేదు. టీలు వచ్చాయి. టీలు అయిపోయాయి. దాలినాయుడు అన్నం ఉడికిందో లేదో చూసినట్టు మూత అంచు కొద్దిగా ఎత్తబోయాడు, నూకరత్నం అతని చేతిమీద ఒక్కటిచ్చింది.

డాక్టర్ వసుమతి పెట్టె చేతిలోకి తీసుకుంది. "అమ్మా, నాకు బండి టైమైతుంది. తీసి చూపియ్యి."

"ఇంకా ఆరలేదు మేడమ్."

"ఎంత అయితే అంత చూస్త. తియ్యి."

"తియ్యమ్మా, తీసెయ్యి!" సన్యాసిరావు గారు బతిమాలారు. "పెద్దావిడకి బండి తప్పించొద్దు. సంతకం పెట్టాల్సింది ఆవిడ."

మూత కింద మేమింకా సగం తడిగా ఉన్నాం. అప్పుడే ఒకరినొకరు తడుముకుంటున్నాం. ఆ క్షణాన మూత లేస్తే మా బతుకు, ఆమె బతుకు రెండూ సేమ్యా ఉప్మానే. తీసేస్తుందని అనుకున్నాను. ఎవరు ఏమన్నా సరేనన్న పిల్ల కదా.

"తియ్యను సార్" అంది నూకరత్నం. కళ్ళనిండా నీళ్ళున్నాయి గాని చెయ్యి కదల్లేదు. "మీరు సంతకం పెట్టకపోతే పోనీండి మేడమ్. ఇంటికి పోతాను. ఇది ఆరేదాకా మాత్రం మూత తియ్యను. ఇప్పుడు తీస్తే ఇది దేనికీ పనికిరాదు. దీనికి టైము ఇవ్వాలి, అంతే."

డాక్టర్ వసుమతి ఆమెను, మూతమీద ఆమె చేతిని చూసింది. తరువాత పెట్టె కిందపెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇంకో టీ తెప్పియ్యండి" అంది.

బండి వెళ్ళిపోయిన తరువాత చాలాసేపటికి నూకరత్నం మూత ఎత్తింది. ఊదా! వంకాయ రంగనుకున్నా సరే, ఇక అలిగేది లేదు. సూదులు ఆనించారు. ముల్లు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలి చివరిదాకా కాకపోయినా చివరికి దగ్గరగా వెళ్ళి నిలబడింది.

"ముందుకన్నా కొంచెం తక్కువొచ్చింది" అంది డాక్టర్ వసుమతి.

"అవును మేడమ్" అంది నూకరత్నం. "రెండుసార్లు కరిగించాం కదా."

"అందుకే నమ్ముతున్న" అని ఆవిడ కలం తీసింది.

అందరూ ఆవిడకు ఇంకో బండి వెతకడానికి కిందికి దిగారు. గదిలో నూకరత్నం, నేను మిగిలాం. నాలో ఇప్పుడు ఏ దారం పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. పాతవాళ్ళు ఎక్కడో నాలోనే ఉన్నారు, పలకరిద్దామంటే ఆనవాలు దొరకదు. నేను పాత నేనేనా అన్నది ఆ రోజు నుంచీ తేలలేదు. నాలోంచి కరెంటు మాత్రం పోతోంది. ఇన్నాళ్ళూ రోహిణి నక్షత్రంలో పుట్టిన గొప్పవాణ్ణనుకుని బీరువాలో మిడిసిపడ్డాను. నా గొప్ప ఏమీ లేదు. నన్ను ఎవరూ తొందరపెట్టలేదు, అంతే.

నూకరత్నం వంగి, ముఖం నా దగ్గరగా పెట్టి చూసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఒక కన్నీటిచుక్క నామీద పడి, ఆముదపాకు మీద వానచుక్కలా గుండ్రంగా నిలబడింది. నేను నీళ్ళకు కరగను. ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలుసు. అయినా కంగారుపడి చున్నీ కొసతో మెల్లగా అద్దింది. ఆ ఒక్కసారికి కరగడం వస్తే బాగుండునని నాకు అనిపించింది.